కెర్బెరోస్ టికెట్ గడువు తీరి రాత్రిపూట తప్పుడు అలర్ట్‌లు: ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్తే అండీ. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో హడూప్ క్లస్టర్ (పెద్ద డేటా కోసం కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) చూసుకుంటాను, ఇల్లు గుంటూరు. మా క్లస్టర్‌కు కెర్బెరోస్ (గడువున్న టికెట్ చూపిస్తేనే లోపలికి రానిచ్చే భద్రతా పద్ధతి) ఉంది. క్లస్టర్ బాగుందో లేదో చూసే చెక్‌లు క్రాన్‌లో (చెప్పిన వేళకు కమాండ్లు తానే నడిపేది) నడుస్తాయి, పగలంతా బాగుంటాయి. నేను ఇంటికి చేరేసరికి అన్నీ ఎర్రబడి ఫోన్ మోగుతూనే ఉంటుంది. చూస్తే క్లస్టర్‌కేమీ కాలేదు, టికెట్ గడువు తీరింది. టికెట్ తెచ్చే కమాండ్ కేఇనిట్‌ను మైనస్ ఆర్‌తో (kinit -R) క్రాన్‌లో పెడితే అలర్ట్‌లు ఒక వారం ఆగి మళ్లీ మొదలయ్యాయి. టెన్షన్‌గా ఉంది, దారి చెప్పండి.

జవాబు:
మైనస్ ఆర్ ఉన్న టికెట్‌నే పొడిగిస్తుందండీ, కొత్తది తేదు. ఆ పొడిగింపుకీ ఒక హద్దుంటుంది. యాక్టివ్ డైరెక్టరీ (మైక్రోసాఫ్ట్ అకౌంట్ల సర్వర్, కెర్బెరోస్ టికెట్లు కూడా ఇస్తుంది) మామూలు సెట్టింగుల్లో టికెట్ 10 గంటలు, పొడిగింపు హద్దు 7 రోజులు. మీ వారం లెక్క అక్కడిదే అయుంటుంది. ఒకసారి కేలిస్ట్ (klist, ఉన్న టికెట్లు చూపే కమాండ్) కొట్టి రెండు గడువులూ చూడండి.

మనిషి పాస్‌వర్డ్‌తో తెచ్చిన టికెట్ మీద మానిటరింగ్ నడపకూడదు. దానికి వేరే అకౌంట్, ఒక కీట్యాబ్ ఫైలు (ఆ అకౌంట్ రహస్య కీ ఉండే ఫైలు) అడ్మిన్‌ను అడగండి. క్రాన్‌లో నాలుగైదు గంటలకోసారి ఆ కీట్యాబ్‌తో కేఇనిట్ నడిపితే ప్రతిసారీ కొత్త టికెట్ వస్తుంది. కీట్యాబ్ అంటే పాస్‌వర్డే. పర్మిషన్ 600 (యజమాని తప్ప ఇంకెవరూ తెరవకుండా) ఉంచండి, వాట్సాప్‌లో, మెయిల్‌లో పంపకండి.

టికెట్ క్యాష్ (టికెట్ దాచి ఉంచే చోటు) కూడా వేరుగా పెట్టండి. అదే యూజర్‌తో లాగిన్ అయినవాళ్లు కేడిస్ట్రాయ్ (kdestroy, టికెట్లు చెరిపే కమాండ్) కొడితే మీ టికెట్ కూడా పోతుంది.

ఇంకోటి, నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. ప్రతి చెక్‌కు ముందు కేలిస్ట్ మైనస్ ఎస్ (klist -s) నడపండి. టికెట్ బాగుంటే 0, లేకపోతే 1 ఇస్తుంది. 1 వస్తే నాగియోస్‌కు (అలర్ట్‌లు పంపే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్) క్రిటికల్ కాకుండా అన్‌నోన్, అంటే 3 పంపండి. టికెట్ పోవడం, క్లస్టర్ పడిపోవడం ఒకే ఎరుపులో కనిపిస్తే నిజంగా పడిపోయిన రోజు ఎవరూ నమ్మరు.

ప్రశ్న:
చాలా థాంక్స్ అండీ. కీట్యాబ్ ఇచ్చారు, నిన్న పనిచేసింది. ఇవాళ కేఇనిట్ నడిపితే ప్రీఅథెంటికేషన్ ఫెయిల్డ్ (కీ సరిపోలలేదు) అంటోంది. సర్వర్ టైమ్ సరిగ్గానే ఉంది.

జవాబు:
టైమ్ 5 నిమిషాలకు మించి తేడా వస్తే కెర్బెరోస్ ఒప్పుకోదు, అది చూసుకుని మంచి పని చేశారు. అయితే ఎవరో అదే అకౌంట్‌కు మళ్లీ కీట్యాబ్ తీసి ఉంటారు, లేదా పాస్‌వర్డ్ మార్చి ఉంటారు. ఎంఐటీ కెర్బెరోస్‌లో (ఎంఐటీ తయారుచేసిన రకం) కేటీయాడ్ (ktadd, కీట్యాబ్ తీసే కమాండ్) మామూలుగా కొట్టినప్పుడల్లా కీ మారిపోయి పాత ఫైలు చెల్లదు. కేలిస్ట్ మైనస్ కేటీతో (klist -kt) మీ ఫైల్లో కీ వెర్షన్ నంబరు చూసి, సర్వర్లో ఉన్నదెంతో అడ్మిన్ గారిని అడగండి. తేడా ఉంటే కొత్త ఫైలు తెచ్చుకోవడమే.