కొత్త పీసీ ఆన్ చేసిన ప్రతిసారీ సీపీయూ ఫ్యాన్ ఎర్రర్, ఏం చేయాలి?

అందరికీ నమస్తే. బెంగళూరు ఎస్పీ రోడ్డులో పార్టులు కొని, మొన్న ఆదివారం తమ్ముడూ నేనూ కలిసి మొదటిసారి పీసీ బిగించాం. ఆన్ చేస్తే చాలు, నల్లటి స్క్రీన్ మీద సీపీయూ ఫ్యాన్ ఎర్రర్, ఎఫ్1 నొక్కమని వస్తోంది. నొక్కితే విండోస్ మామూలుగానే ఓపెన్ అవుతోంది.

ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, సైడ్ ప్యానెల్ తీసి కళ్ళారా చూశాను. నాలుగు పిన్నుల వైరు మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ హెడర్‌కే (ఆ ఫ్యాన్ వైరు గుచ్చే చోటు) ఉంది, ఊడదీసి మళ్ళీ గట్టిగా నొక్కాను కూడా. బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్) స్పీడు 420 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 420 చుట్లు చూపిస్తోంది, లోయర్ లిమిట్ (స్పీడు ఇంతకన్నా తగ్గితే ఎర్రర్ ఇచ్చే హద్దు) మాత్రం 600 అని ఉంది. 140 ఎంఎం ఫ్యాను కదా, నెమ్మదిగా తిరగడం మామూలే అనుకుంటున్నా.

లిమిట్‌ను 200కి తగ్గిస్తే సరిపోతుందా, లేక ఫ్యాన్ కర్వ్‌లో (ఎంత వేడికి ఎంత స్పీడో చెప్పే సెట్టింగ్) కనీస స్పీడు పెంచాలా? ఫ్యాన్ స్పీడును అసలు పట్టించుకోకుండా లిమిట్‌ను ఇగ్నోర్ అని పెట్టడానికి మనసొప్పట్లేదు, రేపు ఫ్యాన్ నిజంగా ఆగిపోతే తెలియదు కదా. ఏడాదిగా దాచుకున్న డబ్బు, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.