67 ఏళ్ల నాన్నగారు సైకిల్ తొక్కుతున్నారు: మోకాలి నొప్పి సీటు వల్లేనా?

పాలకొల్లు_వాసి:

అందరికీ నమస్కారం. నాన్నగారికి 67. బీపీకి మెటోప్రొలాల్, షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడతారు. డాక్టరుగారు ఈసీజీ, ఎకో తీయించి, సైకిల్ తొక్కొచ్చన్నాక మూడు వారాల కిందట 26 అంగుళాల సైకిలు కొన్నాం. గేర్లు లేవు. ముందు షాకబ్జార్బర్లు, వాలుగా ఉన్న అడ్డగొట్టం ఉన్నాయి. పడిపోతారన్న భయంతో, కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనేలా షాపులోనే సీటు బాగా దింపించాం. కాలువ గట్టు మీద రోజూ పొద్దున అరగంట, అంటే 6 కి.మీ. తొక్కుతున్నారు.

ఇప్పుడు మోకాలిచిప్ప ముందువైపు నొప్పి మొదలైంది. తొక్కుతున్నప్పుడు పెద్దగా తెలియదట, సాయంత్రం మెట్లు దిగుతుంటే తెలుస్తోందట. 20 నిమిషాలు దాటితే కుడిచేతి చిటికెన వేలు తిమ్మిరెక్కుతోంది. కాలువ మీద వంతెన ఎక్కాలంటే బాగా రొప్పుతున్నారు. సీటు ఎత్తాలా? జెల్ కవరు వేయిస్తే నయమా? గుండె ఎంత వేగంగా కొట్టుకుంటే ఆపాలి? "ఈ వయసులో కొత్తగా ఏం ఒంటబడుతుంది, ఉన్న మోకాళ్లు అరిగిపోవడం తప్ప" అని చుట్టాలు అంటున్నారు. దీనికీ ఎవరైనా తెలిసినవాళ్లు జవాబు చెప్పండి.

చైన్‌కవర్:

మోకాలి నొప్పికి కారణం మీరు రాసినదాంట్లోనే ఉందండి. కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆనాయంటే సీటు చాలా కిందికి ఉన్నట్టు. పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు బాగా మడిచి, ఆ మడతలోంచే బలంగా తొక్కాలి. అప్పుడు చిప్ప వెనకనున్న ఎముకకు గట్టిగా ఒత్తుకుంటుంది. నిమిషానికి 60 తిప్పులు వేసుకున్నా అరగంటలో ఒక్కో మోకాలికి 1800 సార్లు. చిప్ప ముందువైపు నొప్పి వస్తే సీటు కిందికి ఉందని, మోకాలి వెనక లాగుతుంటే సీటు ఎక్కువ ఎత్తుందని గుర్తు పెట్టుకోండి.

కొలత ఇలా తీయండి. నాన్నగారిని చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి నిలబెట్టండి. అట్ట గట్టిగా ఉన్న పుస్తకమొకటి కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత ఒత్తిడి తగిలేలా పైకి నొక్కమనండి. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత పెట్టి, నేల నుంచి గీతదాకా కొలవండి. వచ్చిన సెంటీమీటర్లను 0.883తో గుణించండి. క్రాంకు (పెడల్ బిగించి ఉండే కమ్మీ) తిరిగే ఇరుసు నడిమధ్య నుంచి, ఫ్రేము గొట్టం వెంబడి, సీటు పైభాగందాకా అంత దూరం ఉండాలి. పిక్కలు, తొడ వెనక కండరాలు బిగుసుకున్న పెద్దవాళ్లకు అందులో 1 సెం.మీ. తగ్గించి మొదలుపెట్టడం మంచిది.

లెక్క కుదిరిందో లేదో మడమతో తెలుస్తుంది. మీరు సైకిలు పట్టుకోండి, ఆయన రోజూ వేసుకునే బూట్లతో కూర్చోవాలి. పెడల్ పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి, నడుము ఒక పక్కకు జారకూడదు. ఆ ఎత్తులో పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలి దగ్గర చిన్న వంపు దానంతటదే మిగులుతుంది.

జెల్ కవరు మాత్రం వేయించకండి. మెత్తని కవరులోకి పిరుదుల ఎముకలు దిగిపోతాయి, వాటి మధ్యలో జెల్ పైకి ఉబ్బి నరాలుండే చోట ఒత్తుతుంది. మగవాళ్లకు అక్కడ తిమ్మిరి రావడానికి ఇదొక కారణం. కావలసింది వెడల్పు సరిపోయే సీటు. అట్టపెట్టె ముక్కను గట్టి స్టూలు మీద వేసి, మడమలు కాస్త ఎత్తి రెండు నిమిషాలు కూర్చుంటే రెండు గుంటలు పడతాయి. ఒక గుంట మధ్య నుంచి రెండోదాని మధ్యకు ఉన్న దూరానికి 2 నుంచి 2.5 సెం.మీ. కలిపితే కావలసిన వెడల్పు వస్తుంది. నిటారుగా కూర్చుని తొక్కేవాళ్లకు ఇంకాస్త ఎక్కువున్నా పర్వాలేదు. సీటు నేలకు సమాంతరంగా ఉండాలి. ముక్కు బాగా కిందికి వాలితే మనిషి ముందుకు జారి బరువంతా చేతుల మీద పడుతుంది. చిటికెన వేలి తిమ్మిరికి అదీ కారణం కావచ్చు, చూడండి.

టైర్లలో గాలి కూడా చూడండి. 26 అంగుళాల లావు టైరుకు ఆయన బరువు 70 కిలోల ప్రాంతంలో ఉంటే 40 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) సరిపోతుంది. బొటనవేలితో నొక్కి చూస్తే తెలియదు, గేజు ఉన్న పంపుతో చూడాలి. ట్యూబు ఏ పంక్చరూ లేకున్నా కొద్దికొద్దిగా గాలి వదులుతుంది, వారానికోసారి కొట్టాల్సిందే. గాలి తగ్గిన టైరుతో వంతెన ఎక్కితే ఎవరికైనా రొప్పు వస్తుంది.

ఫిజియో_కాకినాడ:

సీటు సంగతి పైన చెప్పేశారు కాబట్టి ఒంటి సంగతి చెప్తాను.

మెటోప్రొలాల్ గుండె వేగాన్ని అణచిపెట్టి ఉంచుతుంది. వయసును బట్టి చెప్పే పల్స్ లెక్కలు ఆయనకు పనికిరావు, చేతి వాచీలో కనిపించే అంకెనూ నమ్మొద్దు. మాటే కొలత. తొక్కుతూ ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలగాలి, పాట పాడాలంటే మాత్రం ఊపిరి చాలకూడదు. వాక్యం మధ్యలో ఊపిరి పీల్చుకోవలసి వస్తే వేగం తగ్గించాలి.

అంతకంటే ముఖ్యం గ్లిమిపిరైడ్. వ్యాయామం చేస్తే ఈ మందుతో షుగరు బాగా పడిపోవచ్చు. పడిపోతే సాధారణంగా చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. మెటోప్రొలాల్ ఆ రెండు గుర్తులనూ కప్పేస్తుంది. చెమట మాత్రం పడుతుంది. పొద్దున చల్లగాలిలో మెల్లగా తొక్కుతుంటే ఒళ్లంతా చెమటలు పట్టినా, తల తిరిగినా, మాట తడబడినా అది షుగరే అనుకుని దిగిపోవాలి. బయల్దేరే ముందు గ్లూకోమీటరులో 100 కంటే తక్కువ చూపిస్తే ఒక అరటిపండు తిని బయల్దేరాలి. జేబులో పంచదార పొట్లం తప్పనిసరి. 70 కంటే పడితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలు కూర్చుని మళ్లీ చూడాలి. మొదటి రెండు వారాలు రాత్రి భోజనానికి ముందు కూడా ఒకసారి చూడండి, కొన్ని గంటల తరవాత పడిపోవడమూ ఉంది. ఆ అంకెలు రాసుకుని డాక్టరుగారికి చూపిస్తే మోతాదు మార్చాలో లేదో ఆయన చెప్తారు. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు.

ఛాతీలో బిగుతు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, చల్లటి చెమట వస్తే అక్కడే ఆపి 108కి ఫోన్ చేయాలి, ఇంటిదాకా తొక్కుకుంటూ రాకూడదు.

ఇక దూరం. మొదటి రోజు నుంచే రోజూ 6 కి.మీ. ఎక్కువే. నొప్పి తగ్గేదాకా ఆపి, సీటు సరిచేశాక వారానికి నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలతో మళ్లీ మొదలుపెట్టండి. రెండు వారాలు అంతే. ఆ తరవాత వారానికి 5 నిమిషాల చొప్పున పెంచితే ఏడో వారానికి 40 నిమిషాలకు వస్తారు. నాలుగు రోజులూ కలిపితే 160 నిమిషాలు. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలతకు అది సరిపోతుంది.

ఒక్క సైకిలే చాలదండి, ఈ మాట చాలామంది చెప్పరు. సైకిలు మీద బరువు సీటు మోస్తుంది, అందువల్ల ఎముకలు గట్టిపడటానికి అది పెద్దగా ఉపయోగపడదు. తొక్కని మూడు రోజులూ ఇంట్లోనే: చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి 10 సార్లు లేచి కూర్చోవడం, అలా రెండు విడతలు, మోకాలు నొప్పి ఉన్నన్నాళ్లూ కాస్త ఎత్తు కుర్చీ వాడండి. గోడ పట్టుకుని మడమలెత్తి దించడం 15 సార్లు. గోడ పక్కన ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడటం, ఒక్కో కాలికి మూడుసార్లు. సైకిలు ఎక్కి దిగేటప్పుడు పట్టు దొరికేది ఈ ఆఖరిదాని వల్లే.

గట్టుదారి:

పడిపోతారన్న భయంతో సీటు దింపించామన్నారు. ఈ వయసులో పడేది ఎక్కువగా సైకిలు నడుస్తున్నప్పుడు కాదు, ఎక్కేటప్పుడు, ఆగేటప్పుడు. సీటు ఎత్తు పెంచితే ఆగడం కొత్తగా నేర్చుకోవాలి, లేకపోతే మీ భయమే నిజమవుతుంది.

మనవాళ్లకు పాత అలవాటొకటి ఉంది: ఎడమ పెడల్ మీద కాలు పెట్టి, రెండు మూడు అడుగులు తోసి, కుడికాలు క్యారియర్ మీంచి తిప్పి ఎక్కడం. అరవై దాటాక అది వద్దు. తుంటి అంత ఎత్తు లేవదు, కాలు సీటుకు తగిలితే ఆ ఊపులోనే పడిపోతారు. దాని బదులు బ్రేకులు రెండూ పట్టుకుని, సైకిలును ఎడమవైపు బాగా వంచి, కుడికాలు అవతలికి దాటించాలి. అడ్డగొట్టం రెండు కాళ్ల మధ్య ఉండేలా నిలబడాలి, కూర్చోకూడదు. కుడి పెడల్‌ను గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోటికి తెచ్చి, దాని మీద పాదం పెట్టి ఒక్క తొక్కు తొక్కితే, ఆ తొక్కుతోనే శరీరం లేచి సీటు మీదికి వస్తుంది.

ఆగేటప్పుడు ఇదే తిరగేసి. నడక వేగానికి వచ్చాక కుడి పెడల్ కిందికి తెచ్చి దాని మీద నిలబడాలి, సీటు వదిలి ముందుకు రావాలి, సైకిలు ఆగుతుండగా ఎడమకాలు నేల మీద. సీటు మీద కూర్చుని నేలను వెతుక్కోవలసిన పని ఉండదు. బళ్లు తిరగని చోట ఇది రోజుకు పదిసార్లు చొప్పున ఒక వారం చేయించండి, ఆ తరవాతే గట్టెక్కాలి. అడ్డగొట్టం దాటడమే కష్టమైతే మొహమాటం లేకుండా లేడీస్ ఫ్రేముకు మార్చేయండి.

మెడ తిప్పడం కష్టమైతే హ్యాండిల్ కుడివైపు అద్దం పెట్టించండి, బళ్లు దాటేది అటు నుంచే. గాలికి ఎదురుగా వెళ్లి, గాలివాటంగా తిరిగి వచ్చేలా దారి ఎంచుకోండి, అలసిపోయాక ఎదురుగాలి ఉండకూడదు. వంతెన దగ్గర మొదటి రెండు నెలలు దిగి నడిపించుకెళ్లడమే మేలు. చలికాలం మంచు పట్టిన రోజున వెనక ఎర్ర లైటు లేకుండా బయటకు పంపొద్దు.

పాలకొల్లు_వాసి:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ చాలా కృతజ్ఞతలు. కొలిచాను. కాలి కొలత 76 సెం.మీ., ప్రస్తుతం సీటు ఎత్తు 54. సీటు ముక్కు కిందికి వాలే ఉంది. టైర్లలో 22 పీఎస్‌ఐ ఉంది! వెనక ఫ్రీవీల్ (చైను తిప్పే పళ్లచక్రం) 18 పళ్లు. ఇప్పుడు ఎంత ఎత్తమంటారు, ఒకేసారా?

చైన్‌కవర్:

76ను 0.883తో గుణిస్తే 67.1. సెంటీమీటరు తీసేస్తే 66. మీరున్నది 54లో, అంటే 12 సెం.మీ. తక్కువ. ఒకేసారి వద్దు. ముందు 4 సెం.మీ. ఎత్తండి, ఆయనకు వెంటనే సుఖంగా అనిపిస్తుంది. తరవాత ప్రతి రెండు రోజుల తొక్కుడుకీ 1 సెం.మీ. చొప్పున 64 దాకా, అక్కడి నుంచి 5 మి.మీ. చొప్పున. మడమ సరిగ్గా ఆనితే 65 దగ్గరే ఆపేసినా తప్పులేదు. ఎత్తిన ప్రతిసారీ సీటు రాడ్డు చుట్టూ ఇన్సులేషన్ టేపు చుట్టండి, తొక్కి వచ్చాక టేపు కిందికి జారితే బోల్టు చాల్లేదని అర్థం. రాడ్డు మీద చెక్కి ఉండే అడ్డగీత ఫ్రేములోపలే ఉండాలి. అది బయటికి వచ్చేస్తే పొడవు రాడ్డు కొనాలి, అలాగే తొక్కితే రాడ్డో ఫ్రేమో విరుగుతుంది.

సీటు పెరిగిందంటే హ్యాండిల్ తక్కువైనట్టే, అది కూడా పైకి రావాలి. హ్యాండిల్ రాడ్డు ఫ్రేములోకి దిగి, నెత్తిన ఒకే బోల్టు ఉన్న రకమైతే, ఆ బోల్టు మూడు చుట్లు వదులు చేసి, మీద చెక్క పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేయండి. లోపలి చీల వదులుతుంది. సీటుతో సమానంగా, వీలైతే 2–3 సెం.మీ. ఎక్కువగా పెట్టండి. దాని మీదా గీత ఉంటుంది, దాటొద్దు. బ్రేకు లివర్లు మోచేతి నుంచి వేళ్లదాకా ఒకే వరసలో ఉండేలా తిప్పితే మణికట్టు వంగదు. ఇది, సీటు సమాంతరం, రెండూ కుదిరితే చిటికెన వేలి తిమ్మిరి చాలావరకు తగ్గాలి. రెండు వారాలకీ తగ్గకపోతే షుగరు వల్ల వచ్చిన నరాల ఇబ్బందేమో డాక్టరుగారిని అడగండి.

ఫ్రీవీల్ 18 పళ్లది తీయించి 22 పళ్లది వేయిస్తే తొక్కు 18 శాతం తేలికవుతుంది. చైను చాలకపోతే లింకులు కలుపుతారు. దానివల్ల వేగం తగ్గినట్టు అనిపిస్తుంది, కాళ్లు కొంచెం ఎక్కువ తిప్పాలి. మోకాళ్లకు కావలసింది అదే, నిమిషానికి 65–75 తిప్పులు.

పాతసీటు:

చుట్టాల మాటకు జవాబు ఇంకా ఎవరూ చెప్పలేదు. ఫ్రాన్సులో రాబేర్ మార్షాఁ అని 1911లో పుట్టిన ఆయన, కుర్రతనంలో వదిలేసిన సైకిలును మళ్లీ పట్టుకున్నది 67 ఏళ్లప్పుడే. 2012లో నూరేళ్ల వయసులో గంటలో 24.25 కి.మీ. తొక్కారు. ఆ తరవాత శిక్షణ మార్చి, ఎక్కువ భాగం తేలిగ్గా, కొద్ది భాగం గట్టిగా తొక్కించారు. 2014లో 102 ఏళ్లకు 26.927 కి.మీ. తొక్కారు. ఆయన శరీరం వాడుకోగల ఆక్సిజను 101 నుంచి 103 ఏళ్ల మధ్య కిలోకు నిమిషానికి 31 మిల్లీలీటర్ల నుంచి 35కు పెరిగిందని కొలిచి ప్రచురించారు. ఆయన ఒక్కరే కాబట్టి అందరికీ అంత వస్తుందని చెప్పలేం, కానీ ఆ వయసులో కూడా పెరగడం సాధ్యమేనని ఆ అంకె చెప్తోంది.

అరగడం విషయానికొస్తే, సరైన ఎత్తులో, తేలిక తొక్కుతో సైకిలు మోకాలి మీద వేసే బరువు మెట్లు ఎక్కిదిగడం కంటే చాలా తక్కువ. ఆపాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి: మోకాలు వాచడం, మధ్యలో పట్టేయడం, మరుసటి పొద్దుటికి కూడా నొప్పి తగ్గకపోవడం. వాటిలో ఏది కనిపించినా కీళ్ల డాక్టరుకు చూపించి, ఆ తరవాతే మళ్లీ సైకిలెక్కించండి.