పండగ సెలవుల్లో చిన్నపిల్లలతో ఏటా చేసే పని ఒకటి పెట్టుకోవాలని ఉంది. మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

చిట్టి_వాళ్లమ్మ
మాకు ఇద్దరు. పాపకి అయిదేళ్లు, బాబుకి రెండు నిండి నాలుగు నెలలు. మొన్న పండగంతా నేను ఇల్లు సర్దడంలో, వంటలో, వచ్చినవాళ్ల మర్యాదల్లో ఉన్నాను. వీళ్లిద్దరూ సోఫాలో ట్యాబ్ ముందు. రాత్రి పక్క మీద పాప అడిగింది: "అమ్మా, పండగ అయిపోయిందా? ఎప్పుడు మొదలైంది?" నవ్వొచ్చింది గానీ, ఆ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు.

మా చిన్నప్పుడు ఇంటినిండా జనం. ఎవరూ ప్లాన్ వేయకుండానే అన్నీ జరిగిపోయేవి. ఇప్పుడు మేం నలుగురమే. "మా ఇంట్లో ఏటా ఇది చేస్తాం" అని పిల్లలు చెప్పుకునేలా ఏదైనా మొదలుపెట్టాలని ఉంది. ఏ పండగైనా పర్లేదు. మీరు చేసి చూసినవి, బెడిసికొట్టినవి, రెండూ చెప్పండి.

అట్టపెట్టె_నాన్న
బెడిసికొట్టినదాంతో నేను మొదలుపెడతానండీ. పెద్దాడికి నాలుగేళ్లప్పుడు ఏకంగా ఎక్సెల్ షీట్ వేశాను. 9 గంటలకి రంగులు, పదిన్నరకి కాగితం పూలు, పన్నెండుకి కథ. తొమ్మిదీ ఇరవైకల్లా చిన్నది నిద్రపోయింది, పెద్దాడు గమ్ డబ్బా మూత తీసి నా చెప్పులో పోశాడు. ఎందుకని అడక్కండి, ఇప్పటికీ తెలీదు. మధ్యాహ్నానికి నేను అరిచాను, వాడు ఏడ్చాడు, మా ఆవిడ ఇద్దరితోనూ మాట్లాడలేదు.

సాయంత్రం కొత్త ఫ్యాన్ వచ్చిన అట్టపెట్టె ఖాళీగా కనిపిస్తే ఇద్దరూ అందులో దూరారు. గంటన్నర బయటికి రాలేదు. మరుసటి ఏడు పండగ అనగానే వాడి మొదటి మాట "అట్టపెట్టె ఏది నాన్నా?" నా షీట్ ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడు రెండు నెలల ముందు నుంచే పెట్టెలు అటక మీద దాస్తున్నాను. ఇంటికొచ్చినవాళ్లు మేం ఇల్లు మారుతున్నామనుకుంటున్నారు.

చిట్టి_వాళ్లమ్మ
చెప్పులో గమ్ దగ్గర చాలాసేపు నవ్వుకున్నాను. నా దగ్గర కూడా ఒక లిస్ట్ ఉంది, పన్నెండు ఐటమ్స్. ఇప్పుడే చింపేశాను.

కత్తెర_అత్తయ్య
నేను మేనత్తని. పండగకి వారం ముందు అన్నయ్య పిల్లల దగ్గరికి వెళ్తాను, వాళ్లకి నేనంటే కాగితం గొలుసు. ఎంత తేలికో చెప్తాను.

రంగు కాగితాన్ని రెండు వేళ్ల వెడల్పు, జానెడు పొడవు ముక్కలుగా కత్తిరించండి. పండగ ఇంకా ఎన్ని రోజులుంటే అన్ని ముక్కలు. ఒకదాన్ని ఉంగరంలా చుట్టి గమ్ పెట్టడం, రెండోదాన్ని అందులోంచి దూర్చి మళ్లీ గమ్. అలా గొలుసు చేసి పిల్లలకి అందే ఎత్తులో కట్టాలి. రోజూ పొద్దున్నే ఒక ఉంగరం తెంపాలి. మూడు నాలుగేళ్ల పిల్లకి "ఇంకా ఆరు రోజులు" అంటే ఏమీ అర్థం కాదు. గొలుసు పొట్టిదవుతుంటే మాత్రం కంటికే తెలుస్తుంది. "ఎప్పుడు, ఎప్పుడు" అని ప్రాణం తోడేయడం సగానికి సగం తగ్గుతుంది.

పదికి మించి ఉంగరాలు వద్దు, నెలరోజుల గొలుసు కడితే మధ్యలో విసుగొస్తుంది. తెంపే వంతు ఎవరిదో ముందే తేల్చుకోండి. మా ఇంట్లో మొదటి ఏడు యుద్ధమే జరిగింది. ఇప్పుడు సరి తేదీ అక్కది, బేసి తేదీ తమ్ముడిది.

వార్డు_సిస్టర్
పిల్లల వార్డులో నర్సుని, కాబట్టి నా బుర్ర ఇటే పోతుంది. చిట్టి వాళ్లమ్మ గారూ, మీ బాబుకి మూడేళ్లు కూడా రాలేదు. ఆ వయసులో అన్నీ నోట్లోకే. టాయిలెట్ పేపర్ రోల్ మధ్యలో ఉండే అట్ట గొట్టం తీసుకోండి. అందులోంచి జారిపోయే పూస, గుండీ, బొమ్మ ముక్క ఏదీ వాడి చేతికి ఇవ్వొద్దు. పగిలిన బెలూన్ ముక్కలు వెంటనే ఏరేయండి. గాలి ఊదని బెలూన్ ఎనిమిదేళ్లలోపు పిల్లలకి కూడా ప్రమాదమే, గొంతుకి అతుక్కుంటే ఊపిరి ఆడదు.

అన్నిటికన్నా నాకు భయం బటన్ బ్యాటరీలు. మినుకుమినుకుమనే చిన్న లైట్ బొమ్మలు, పాటలు పాడే గ్రీటింగ్ కార్డులు, వీటిల్లో ఉంటాయి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. స్క్రూతో బిగించే మూత లేని బొమ్మ ఇంట్లోకి రానివ్వకండి. మింగాడని అనుమానం వస్తే చాలు, ఆసుపత్రికి పరుగే. "రేపటిదాకా చూద్దాం" అనొద్దు, వాంతి చేయించొద్దు.

భయపెట్టేశానేమో, సారీ. పండగల్లో ఇల్లు నిండా కొత్త వస్తువులుంటాయి, కనిపెట్టుకునే పెద్దలేమో కబుర్లలో ఉంటారు.

నైట్‌షిఫ్ట్_నాన్న
నా ఉద్యోగానికి పండగ సెలవు ఉండదు. మొదటి రెండేళ్లూ వీడియో కాల్‌లో చూసి కళ్లు తుడుచుకున్నాను. మూడో ఏడు మా ఆవిడ "మీ సెలవు రోజే మన పండగ" అంది. మూడేళ్ల పిల్లకి క్యాలెండర్‌తో పనేముంది? కొత్త బట్టలు వేసి, ఇంట్లో అందరూ ఉంటే వాళ్లకి అదే పండగ. ఇప్పుడు దానికి ఏడేళ్లు. స్కూల్లో "మాకు పండగ రెండుసార్లు వస్తుంది" అని గొప్పలు పోతోందట.

వదిలేయండి_బాబూ
అందరూ ఏమనుకున్నా సరే, చెప్తున్నాను. సంప్రదాయం "తయారు చేయడం" ఏమిటండీ? మన అమ్మానాన్నలు తయారు చేశారా? పిల్లల్ని పెరట్లోకి వదిలేస్తే వాళ్లే ఏదో ఒకటి చేసుకుంటారు. ఇప్పుడు ప్రతిదీ ఒక ప్రాజెక్టు, దానికో ఫొటో. పిల్లని మూడుసార్లు "మళ్లీ నవ్వు, మళ్లీ నవ్వు" అని నవ్వించి పెట్టే ఫొటోలు చూస్తే నాకు జాలేస్తుంది.

కత్తెర_అత్తయ్య
ఫొటో సంగతిలో మీతో ఏకీభవిస్తాను. కానీ "ఎవరూ తయారు చేయలేదు" అన్నది మాత్రం ఒప్పుకోను. చేశారు. మన అమ్మలు తెల్లవారుజామున మూడింటికి లేచి చేశారు. మనం నిద్రలో ఉన్నాం కాబట్టి మనకి తెలీలేదు.

వదిలేయండి_బాబూ
సరే, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

సైకాలజీ_చదివినోణ్ణి
నాకు నచ్చిన తేడా ఒకటి చెప్తాను. పరిశోధకురాలు బార్బరా ఫీజ్, ఆమె సహచరులు 2002లో జర్నల్ ఆఫ్ ఫ్యామిలీ సైకాలజీలో కుటుంబ అలవాట్ల మీద అప్పటికి 50 ఏళ్లలో జరిగిన పరిశోధనల్ని సమీక్షించారు. వాళ్ల లెక్కలో రోజువారీ అలవాటు వేరు, ఆచారం వేరు. అలవాటు అంటే "ఈ పని అవ్వాలి" అని చేసేది, అయ్యాక దాన్ని ఎవరూ తలుచుకోరు. ఆచారమంటే "మనం ఇలాంటివాళ్లం" అని చెప్పేది, ఆగిపోతే వెలితిగా అనిపిస్తుంది. అట్టపెట్టె గారి పెట్టె రెండో రకం. ఆయన ఎక్సెల్ షీట్ మొదటి రకం కూడా కాలేకపోయింది పాపం.

ఇంకొకటి. మూడు మూడున్నరేళ్ల లోపు జరిగినవి పెద్దయ్యాక చాలామందికి గుర్తుండవు. కాబట్టి మీ బాబు కోసం ఈ ఏడు ఘనంగా చేయాలని టెన్షన్ పడకండి. వాడికి కావాల్సింది మీ ఒడి, వేళకి నిద్ర. గుర్తుపెట్టుకునేది పాప.

నోట్‌బుక్_నాయనమ్మ
మనవరాలి చేత టైప్ చేయిస్తున్నాను, తప్పులుంటే దానివే.

మా ఇంట్లో ఒక పాత రూళ్ల నోట్‌బుక్ ఉంది. పండగ రోజు పిల్లల్ని ఒక్కొక్కరినీ నా పక్కన కూర్చోబెట్టుకుని అవే అయిదు ప్రశ్నలు అడుగుతాను. నీకు దేనికి భయం? నీ స్నేహితులెవరు? పెద్దయ్యాక ఏమవుతావు? ఈ ఏడు బాగా నవ్వింది ఎప్పుడు? నాయనమ్మ వయసెంత? వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాస్తాను, దిద్దను. పెద్ద మనవడు మూడేళ్లప్పుడు "పెద్దయ్యాక లిఫ్ట్ అవుతా" అన్నాడు. ఇప్పుడు వాడికి పద్నాలుగు. నోట్‌బుక్ తీస్తే ఇప్పటికీ ఆ పేజీ మీద చెయ్యి అడ్డం పెడతాడు. నా వయసు ఒకసారి అయిదు రాయించారు, ఇంకోసారి వెయ్యి.

(మనవరాలిని: నాది నాలుగో ఏట "నాయనమ్మ పళ్లంటే భయం" అని ఉంది. అది చెప్పకుండా దాటేసింది.)

సైకాలజీ_చదివినోణ్ణి
నాయనమ్మ గారూ, అమెరికాలో ఎమరీ యూనివర్సిటీ వాళ్లు మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ దాదాపు ఇలాంటిదే తిరగేసి చేశారు. అక్కడ పిల్లలకి తమ ఇంటి గురించి ఎంత తెలుసో 20 ప్రశ్నలతో చూశారు. అమ్మానాన్నలు ఎక్కడ కలుసుకున్నారు, నీకు ఆ పేరెలా వచ్చింది, అలాంటివి. ఇంటి కథలు ఎక్కువ తెలిసిన పిల్లల్లో తమ మీద తమకి నమ్మకం ఎక్కువ కనిపించింది. ప్రశ్నలు బట్టీ పట్టిస్తే నమ్మకం వస్తుందని కాదు, ఆ కథలు చెప్పుకునే తీరికున్న ఇళ్లు అలాంటివని అర్థం చేసుకోవాలి.

మెత్తని_దుప్పటి
మా బాబుకి చప్పుళ్లు పడవు, జనం పడరు. పండగంటే మంచం కిందే. "అలవాటు చెయ్యండి" అని ప్రతివాళ్లూ సలహా. రెండేళ్లు బలవంతం చేశాం, ఇద్దరికీ జ్వరం వచ్చినంత పనైంది. ఇప్పుడు లోపలి గదిలో దుప్పట్లు కట్టి గుడారం వేస్తాం. టార్చ్ లైటు, వాడి మూడు పుస్తకాలు, నేను. చుట్టాలు వచ్చినప్పుడు అరగంట బయట, మళ్లీ లోపలికి. క్రితం ఏడు వాడి అక్కాచెల్లెళ్లంతా ఒక్కొక్కరే గుడారంలోకి వచ్చేశారు, బయట పెద్దవాళ్లే మిగిలారు.

చిట్టి_వాళ్లమ్మ
అందరికీ థ్యాంక్స్. ఆ తర్వాత వచ్చిన పండగ మొన్ననే అయింది. ఏం జరిగిందో చెప్తాను.

గొలుసు కట్టాం, పది ఉంగరాలు. మూడో రోజు బాబు మొత్తం లాగేశాడు. పాప ఏడుస్తూ కూర్చుని, గాయానికి వేసే ప్లాస్టర్లతో అతికించింది. ప్లాస్టర్ల గొలుసే పండగ దాకా వేలాడింది. ప్రశ్నలు అడిగాను. పెద్దయ్యాక ఏమవుతావంటే "అక్క" అంది. నువ్వు ఇప్పుడే అక్కవి కదా అంటే, "ఇంకా పెద్ద అక్క" అట.

అసలు హిట్టయింది మాత్రం నా ప్లాన్‌లో లేదు. సాయంత్రం కరెంటు పోయింది. నేను టార్చ్ వెతికి వెలిగించగానే పాప గోడ మీద చేతి నీడతో కుక్క చేసింది. వాళ్ల నాన్న కుందేలు చేశాడు, దానికి మూడు చెవులొచ్చాయి. బాబు గోడ దగ్గరికెళ్లి కుందేలుకి ముద్దు పెట్టాడు. కరెంటు వచ్చాక పాప స్విచ్ ఆర్పేసింది. నిన్న మళ్లీ అడిగింది, ఇవాళ మళ్లీ. పండగకి మాత్రమే చేద్దామంటే "అయితే పండగ ఎప్పుడు?" అని గొలుసు చేయడానికి కూర్చుంది.

ఒక్క సందేహం. ఇద్దరి అరచేతుల అచ్చులు ఉప్పు కలిపిన మైదా ముద్దలో తీశాను. రెండు కప్పుల పిండి, కప్పు ఉప్పు, కప్పు నీళ్లు. ఆరబెట్టి రంగు వేశాక ఇప్పుడు మెత్తబడి, వేళ్ల దగ్గర వంగిపోతున్నాయి. పారేయాల్సిందేనా?

కత్తెర_అత్తయ్య
పారేయకండి! లోపల తడి ఉండగానే రంగు వేసుంటారు. ఉప్పు గాల్లో తేమని లాక్కుంటుంది. ఓవెన్ ఉంటే 100 డిగ్రీల్లో రెండు మూడు గంటలు పెట్టండి, గంటకోసారి తిప్పండి, రంగు కొంచెం మారినా మారొచ్చు. లేకపోతే ఫ్యాన్ కింద మూడు నాలుగు రోజులు, పూటకోసారి తిరగేస్తూ ఉంచండి. పూర్తిగా గట్టిపడ్డాకే రెండు వైపులా, అంచులకి కూడా వార్నిష్ వేయండి.

వార్డు_సిస్టర్
వార్నిష్ పిల్లలు లేనప్పుడు, కిటికీలు తీసి వేయండి. ఆ ముద్ద ఎక్కడైనా మిగిలి ఉంటే బాబుకి అందకుండా పెట్టండి, అందులో ఉప్పు చాలా ఎక్కువ, కొంచెం తిన్నా ప్రమాదమే.

చిట్టి_వాళ్లమ్మ
మిగిలింది ఇప్పుడే తీసి పారేశాను. వాడు చెత్తబుట్ట దగ్గరే నిలబడి ఉన్నాడు.