డ్రిల్ చేయడానికి లైవ్ రాక్‌ను ఎంతసేపు నీళ్ల బయట ఉంచవచ్చు?

మాది కర్నూలు. నాలుగడుగుల రీఫ్ ట్యాంకు (కోరల్స్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), సుమారు 250 లీటర్లు. సాలినిటీ 1.025, టెంపరేచర్ 26 డిగ్రీలు, అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నీళ్లతో ఇబ్బంది లేదు, సమస్యంతా రాళ్లతోనే.

లైవ్ రాక్‌ను (బ్యాక్టీరియా, చిన్న జీవులు ఉండే రాళ్లను) రెండు దిబ్బలుగా పేర్చి, పైన ఒక పొడవాటి రాయిని ఆర్చ్‌లా పెట్టాను. అడుగు రాళ్లు ఇసుక మీద కాదు, నేరుగా గ్లాసు మీదే ఆనుకున్నాయి, కాబట్టి గోబీ చేప ఎంత తవ్వినా కదలవు. జారేది పై రాయే. మొదట సూపర్ గ్లూ జెల్ వాడాను. తర్వాత రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పుట్టీ. ఆపై పుట్టీకి రెండు వైపులా జెల్ రాసి కూడా చూశాను. రాత్రికి గట్టిపడుతుంది, వేవ్‌మేకర్ (నీళ్లను కదిలించే పంపు) ఆన్ చేసిన ఒకట్రెండు రోజులకు ఊడిపోతుంది. ఊడిన ముద్దను తిప్పి చూస్తే దాని అడుగున ఊదారంగు కోరలైన్ (రాయి మీద గట్టి పొరలా పెరిగే నాచు) పెచ్చులు, జిగురు పాచి అంటుకుని ఉన్నాయి. పుట్టీ రాయిని కాకుండా దాని మీది పొరను పట్టుకుంటోందని నా అనుమానం. టూత్‌బ్రష్‌తో రుద్దినా ఫలితం లేదు. ఈసారి పడితే కింద ఉన్న హ్యామర్ కోరల్ నలిగిపోతుందని టెన్షన్‌గా ఉంది.

ఇక డ్రిల్ చేసి అక్రిలిక్ రాడ్ దూర్చడమే మార్గం అనిపిస్తోంది. కానీ ఆ రాయి మీద మష్రూమ్ కోరల్స్ పెరిగాయి. పైగా మా ఎండలకు రాయి ఇట్టే ఆరిపోతుంది, లోపలి జీవులు చస్తే మళ్లీ అమ్మోనియా.

ట్యాంకు నీళ్లతో తడుపుతూ ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, రాయిని ఎంతసేపటి వరకు బయట ఉంచవచ్చో చెప్పగలరా?