పార్షియల్ అప్లికేషన్: ఖాళీ వదిలిన కాల్‌లో మిగతా ఆర్గ్యుమెంట్లు ఎప్పుడు ఎవాల్యుయేట్ అవ్వాలి?

ప్రశ్న:
చిన్న డైనమిక్ భాషకి ఇంటర్‌ప్రెటర్ రాస్తున్నాను. కాల్‌లో ఒక ఆర్గ్యుమెంటు బదులు _ పెట్టి ఖాళీ వదిలితే (ఇదే పార్షియల్ అప్లికేషన్), పార్సర్ ఆ కాల్‌ని లాంబ్డా, అంటే ఆ ఖాళీ విలువని తర్వాత తీసుకునే పేరులేని ఫంక్షన్, చేస్తుంది. రాయి(సమయం(), _) అంటే ఎక్స్ => రాయి(సమయం(), ఎక్స్). దాంతో వచ్చిన ఫంక్షన్‌ని పిలిచిన ప్రతిసారీ సమయం() మళ్లీ నడుస్తోంది. ఇలాగే వదిలేయొచ్చా? లేక హాస్కెల్‌లా ఫంక్షన్లన్నీ కర్రీ చేసేయడమే (ఆర్గ్యుమెంట్లు ఒక్కొక్కటిగా తీసుకునేలా మార్చడమే) నయమా?

జవాబు 1:
రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే. స్కీమ్ భాషలో ఎస్ఆర్ఎఫ్ఐ 26 (ఆ భాషకి చేర్పుల ప్రతిపాదనల్లో ఒకటి) రెండూ ఇస్తుంది: 'కట్' ప్రతి కాల్‌కీ ఎవాల్యుయేట్ చేస్తుంది, 'క్యూట్' తయారీలో ఒక్కసారే. స్కాలా అండర్‌స్కోర్ మీ పద్ధతే. పైథాన్ పార్షియల్ మామూలు కాలే కాబట్టి విలువలు ముందే తేలిపోతాయి.

నేనైతే ఒక్కసారే అంటాను. ప్రతిసారీ కావాలన్నవాళ్లు లాంబ్డా రాసుకుంటారు, అందుకేగా అది ఉన్నది. డీషుగరింగ్ (_ ఉన్న కాల్‌ని మామూలు కోడ్‌గా విప్పడం) ఇలా మార్చండి:

టి0 = రాయి
టి1 = సమయం()
ఎక్స్ => టి0(టి1, ఎక్స్)

టి0 మానేస్తే, తర్వాత ఎవరైనా 'రాయి'కి వేరే ఫంక్షన్ అసైన్ చేసినప్పుడు పాత పార్షియల్ కూడా మారిపోతుంది. మెథడ్ అయితే రిసీవర్‌నీ (ఏ ఆబ్జెక్ట్ మీద పిలిచారో దాన్ని) ఇలాగే పట్టి ఉంచాలి. టెంపరరీల పేర్లు యూజర్ టైప్ చేయలేనివి పెట్టండి, లేకపోతే వాళ్ల వేరియబుల్స్‌తో ఢీకొంటాయి.

జవాబు 2:
కర్రీయింగ్ జోలికి పోకండి. స్టాటిక్ టైపులు (నడవకముందే టైపుల తనిఖీ) లేనిచోట ఒక ఆర్గ్యుమెంటు మర్చిపోతే ఎర్రర్ రాదు, విలువ బదులు ఫంక్షన్ వస్తుంది. అది పది లైన్ల అవతల ఇంకేదో కూడికలో పేలుతుంది. డిఫాల్ట్ పారామీటర్లుంటే ఎక్కడ ఆగి కాల్ చేయాలో కూడా తేలదు.

అసలు చిక్కు _ హద్దు దగ్గర. ఎఫ్(జి(_)) అంటే ఎఫ్(ఎక్స్ => జి(ఎక్స్)) అనా, ఎక్స్ => ఎఫ్(జి(ఎక్స్)) అనా? స్కాలాలో మొదటిదే. మీరూ అదే పెట్టండి: _ నేరుగా ఏ కాల్‌కి ఆర్గ్యుమెంటో ఆ కాలే పార్షియల్. ఎఫ్(_ + 1) లాంటిది పార్స్ ఎర్రర్. ఎఫ్(_, _)లో రెండూ వేర్వేరు పారామీటర్లు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ, టి0 సంగతి తట్టలేదు. పార్షియల్‌కి ఆర్గ్యుమెంట్లు ఎక్కువిస్తే?

జవాబు 2:
ఖాళీలెన్నో అన్నే తీసుకోవాలి, మిగిలినవి లోపలికి పోనివ్వకండి. జావాస్క్రిప్ట్‌లో పార్షియల్ చేసే బైండ్ పోనిస్తుంది. అక్కడ ["10", "10", "10"] మీద మ్యాప్‌కి పార్స్‌ఇంట్ (స్ట్రింగ్‌ని సంఖ్యగా మార్చేది) ఇస్తే 10, నాన్ (సంఖ్య కాదు), 2 వస్తాయి, మ్యాప్ పంపే ఇండెక్స్ వెళ్లి రాడిక్స్ (సంఖ్యకి ఆధారం, ఉదా. 2, 10) స్థానంలో కూర్చుంటుంది కాబట్టి. బైండ్ చుట్టినా అదే ఫలితం. మీ మామూలు ఫంక్షన్లు అదనపు ఆర్గ్యుమెంట్లకి ఎర్రర్ ఇస్తుంటే పార్షియల్ కూడా ఎర్రరే ఇవ్వాలి.