కిడ్నీ పేషెంటుకి ప్యాకెట్ ఫుడ్: లేబుల్ చూసి కొనొచ్చా, అసలు వద్దా?

వంటరాని కొడుకు: నాన్నకి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) 3.4. డయాలిసిస్ దాకా రాలేదు. మా చెల్లెలి పురిటికని అమ్మ బెంగళూరు వెళ్లింది, రెండు నెలలు మేమిద్దరమే. ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటొద్దన్నారు డాక్టరు గారు. రక్తంలో పొటాషియం 5.6 ఉంది, అదీ తగ్గాలట. కర్రీ పాయింట్ కూర తేవాలా, రెడీమేడ్ మిక్సులు కొనాలా?

గుంటూరు పిన్ని: రెండూ వద్దు నాయనా. కుక్కర్లో అన్నం పడేసి, పక్క పొయ్యి మీద బీరకాయ వేస్తే ఇరవై నిమిషాలు. మా వారికి అయిదేళ్లుగా ఇదే.

లేబుల్ రాజు: అలిసిపోయి వచ్చినవాడికి ఆ మాట చెప్పడం తేలికే పిన్నిగారూ! నా ఓటు ప్యాకెట్‌కే. కర్రీ పాయింట్ కూరలో ఉప్పెంతో వండినవాడికీ తెలీదు. ప్యాకెట్ మీద సోడియం అంకె ఉంటుంది. 5 గ్రాముల ఉప్పంటే సుమారు 2000 మిల్లీగ్రాముల సోడియం. మా ఇంట్లో ఉన్న ఉప్మా మిక్స్ తిప్పి చూశాను: 100 గ్రాములకి 1100. సర్వింగ్ అని వాడు రాసింది 40 గ్రాములు, అంటే 440. ఆ కాస్త ఉప్మా ఎవరికి ఆనుతుంది? ప్లేటు నిండాలంటే 80 గ్రాములు పోయాలి. ఒక్క టిఫిన్‌తోనే 880!

పలాస తమ్ముడు: అన్నా, సోడియం ఒక్కటే చూస్తే మోసపోతాం. పొటాషియం, ఫాస్ఫరస్ కూడా పాడైన కిడ్నీలు సరిగ్గా బయటికి పంపలేవు. మన దగ్గర లేబుల్ మీద పొటాషియం, ఫాస్ఫరస్ రాయడం తప్పనిసరి కాదు. అంకె లేదంటే ఆ పదార్థం లేదని కాదు. కింద చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా చదవండి. 338 నుంచి 341, 450 నుంచి 452 నంబర్లుంటే ఫాస్ఫేట్ (ఫాస్ఫరస్ ఉండే పదార్థం) కలిపారన్నట్టే. పప్పులో సహజంగా ఉండే ఫాస్ఫరస్ సగం వరకే ఒంటికి పడుతుంది, ఇలా కలిపింది దాదాపు మొత్తం పడుతుంది. 508 అంటే పొటాషియం క్లోరైడ్. 'లో సోడియం' ఉప్పులో ఉండేదీ అదే. బీపీకి మంచిదని చుట్టాలొకరు తెచ్చిస్తే మా అమ్మకి నెల్లాళ్లు అదే వాడాం. పొటాషియం 6.3కి పోయి, సంక్రాంతి పూట ఎమర్జెన్సీలో కూర్చున్నాం.

గుంటూరు పిన్ని: చూశారా? భూతద్దం పట్టుకుని ఆ నంబర్లు వెతికే టైములో కూర అయిపోతుంది. బంగాళాదుంపైనా సరే, చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం చాలావరకు తగ్గుతుంది. ప్యాకెట్లో ఉన్నది పారబోయగలరా?

లేబుల్ రాజు: మరి మీ ఆవకాయ జాడీకి ఏ లేబుల్ ఉంది పిన్నిగారూ?

గుంటూరు పిన్ని: జాడీ అటకెక్కి రెండేళ్లయింది. ఆయన పక్కింట్లో తినొచ్చారు, అది వేరే కథ.

వంటరాని కొడుకు: ఇవాళ షాపులో తిప్పి చూశా. నూడుల్స్ ప్యాకెట్లో 451, 508 రెండూ ఉన్నాయి. చివరికి వట్టి అటుకులు తెచ్చా, ఉప్పు నేనే కొలిచి వేస్తా. శనివారం రిపోర్టులు పట్టుకుని డైటీషియన్ దగ్గరికి వెళ్తున్నాం. పిన్నిగారూ, బీరకాయ చెక్కు తీయాలా?