నాన్నగారి సంవత్సరీకానికి స్మృతి పుస్తకం: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (గుంటూరు):
మా నాన్నగారు మిర్చి యార్డులో నలభై ఏళ్లు గుమాస్తాగా పనిచేసి నిరుడు కాలం చేశారు. వచ్చే నెల సంవత్సరీకానికి బంధువులకు పంచేందుకు చిన్న పుస్తకం వేద్దామని కూర్చుంటే, పుట్టిన తేదీ, ఉద్యోగం, సంతానం దాటి కలం ముందుకు సాగడం లేదు. అమ్మను అడిగితే "ఏముందిరా రాయడానికి" అని కళ్లు తుడుచుకుంటున్నది.

జవాబు (విజయవాడ):
తేదీలను చివరి పేజీకి నెట్టండి. మా తాతగారు 2004 కృష్ణా పుష్కరాలలో దుర్గా ఘాట్ మెట్ల మీద నన్ను భుజానికెత్తుకుని, జనంలో పోతాయని నా చెప్పులను తన కండువాలో మూటగట్టుకున్నారు. నేను రాసినదానిలో అందరికీ గుర్తున్నది ఆ ఒక్క మూటే.

మరో జవాబు:
అమ్మగారిని "ఆయన ఎలాంటివారు" అని అడగకండి (ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు). యార్డు నుంచి రాగానే మొదట ఏం చేసేవారో అడగండి.

ప్రశ్న వేసినవారు:
అడిగాను. చొక్కాకు పట్టిన మిరప ఘాటుకు పసిపిల్ల తుమ్ముతుందని, పెరట్లో స్నానం చేస్తేగాని మనుమరాలిని ఎత్తుకునేవారు కాదట. మాకెవరికీ తెలియని సంగతి ఇది. అమ్మ ఇంకా చెబుతూనే ఉన్నది.